రోజూ రెండే కిలోమీటర్లు తిరిగే బండి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి గురించి. ఇంటికి దగ్గర్లోనే ఉద్యోగం, బండి మీద ఒక్కసారికి రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగరు. అయినా ఏదో ఒక ఇబ్బంది వస్తూనే ఉంది. మీటరులో కిలోమీటర్లు తక్కువున్నాయి కాబట్టి ఇంజన్ కొత్తగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ ఇంజన్ ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ అయింది, అందులో ఎన్నిసార్లు పూర్తిగా వేడెక్కింది అన్నదే అసలు లెక్క. అందుకే ఈ సంచికను ఈ ప్రశ్నలకే కేటాయిస్తున్నాం.

మా ఇంటి నుంచి బడికి రెండు కిలోమీటర్లు. ఉదయం వెళ్తాను, మధ్యాహ్నం భోజనానికి వస్తాను, మళ్లీ వెళ్లి సాయంత్రం ఇల్లు చేరతాను. వంద సీసీ బండి, 2022లో కొన్నాను, ఏడు వేల కిలోమీటర్లు కూడా దాటలేదు. మొన్న ఆయిల్ మార్పిద్దామని వెళితే మెకానిక్ ఆయిల్ మూత తీసి దాని కింద తెల్లటి మీగడ కట్టిందని చూపించాడు. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయి, విప్పాల్సిందే అంటున్నాడు. నిజంగా విప్పించాలా సార్?
– ఒక ఉపాధ్యాయుడు, నరసరావుపేట

విప్పించకండి. మీది గాలికి చల్లబడే ఇంజన్. అందులో రేడియేటరూ లేదు, కూలెంటూ లేదు. గ్యాస్కెట్ (ఇంజన్ భాగాల మధ్య లీకు ఆపే పొర) పోయి నీళ్లు ఆయిల్‌లో కలవడానికి అసలు అందులో నీళ్లే లేవు. ఆ తేమ పెట్రోలులోంచి వచ్చింది.

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో చాలా భాగం సైలెన్సర్ దారిన పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందకు, ఆయిల్ ఉండే క్రాంక్ కేసులోకి దిగుతుంది. ఇంజన్ బాగా వేడిగా ఉంటే ఆ ఆవిరి అక్కడ నిలవదు. బ్రీతర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వెళ్లి, గాలితో పాటు మళ్లీ సిలిండర్లోకి పోతుంది. ఇంజన్ లోపలి గోడలు చల్లగా ఉంటే మాత్రం ఆ ఆవిరి అక్కడే చెమ్మగా మారి, గేర్లు తిరిగే ఊపుకు ఆయిల్‌తో కలిసి తెల్లగా చిక్కబడుతుంది. ఆయిల్ మూత ఇంజన్ అంచున ఉంటుంది, బయటి గాలి తగులుతుంది, అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. అందుకే ఆ తెలుపు ముందుగా కనిపించేది దాని కిందే.

మీ లెక్కే చూద్దాం. రోజుకు నాలుగు సార్లు, సారికి రెండు కిలోమీటర్లు. నెలకు పాతిక పనిదినాలైతే 200 కిలోమీటర్లు, 100 స్టార్టులు. రెండు కిలోమీటర్లు వెళ్లడానికి పట్టేది ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాల్లో సిలిండర్ హెడ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది కాబట్టి ఇంజన్ వేడెక్కిందనే అనిపిస్తుంది. అడుగున ఉన్న ఆయిల్‌కు మాత్రం ఇంకా అంత వేడి చేరదు. మన ఎండల్లో కూడా దానికి కనీసం పావుగంట ఆగకుండా నడపాలి, చలికాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే నెలలో నూరు సార్లు తేమ లోపలికి చేరుతోంది, బయటకు పోయే అవకాశం ఒక్కసారీ రావడం లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మూత కింద ఉన్నదాన్ని పీచు ఊడని శుభ్రమైన గుడ్డతో తుడవండి. మూత రబ్బరు రింగు చిట్లిందేమో చూడండి, చిట్లితే కొత్తది వేయండి. వాటర్ సర్వీసింగ్‌లో గట్టిగా కొట్టిన నీళ్లు చిట్లిన రింగు దగ్గరే లోపలికి దూరతాయి. తర్వాత ఆయిల్ మార్చండి. మార్చేముందు పది నిమిషాలు బండి తిప్పి రండి. వేడి ఆయిల్ పలచగా ఉండి, అడుగున పేరుకున్న మురికిని కూడా తీసుకుపోతుంది. డ్రెయిన్ బోల్టు తీశాక బండిని నిటారుగా నిలబెట్టి, చుక్కలు ఆగేదాకా కనీసం పది నిమిషాలు వదిలేయండి. వాషర్ కొత్తది వేయించండి. బోల్టును బలం కొద్దీ బిగించనివ్వకండి, అల్యూమినియం కేసులో మరలు పోతే వేల రూపాయల పని. ఎంత టార్కుతో బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది.

లోపల కడుగుదామని కిరోసిన్ గానీ డీజిల్ గానీ పోసి ఇంజన్ తిప్పే అలవాటు ఇప్పటికీ కొన్ని షెడ్లలో ఉంది. దానికి ఒప్పుకోకండి. ఎంత వంచినా పోసినదంతా బయటకు రాదు. మిగిలింది కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది. కిరోసిన్‌తో తిరిగిన ఆ కొద్ది నిమిషాల్లోనే వాల్వులను తెరిచే క్యామ్, బేరింగుల మీద ఆయిల్ పొర ఉండదు.

ఇక ముందు ఆయిల్ మార్పును కిలోమీటర్లతో లెక్కించకండి. మాన్యువల్‌లో కిలోమీటర్ల పక్కన నెలలు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది. మీలాంటి వాడకానికి మేము ఇచ్చే సలహా ఆ నెలలను కూడా సగం చేయమని. ఆరు నెలలకోసారి మార్చండి, అప్పటికి 1,200 కిలోమీటర్లే తిరిగినా సరే. నల్లబడకపోయినా ఆ ఆయిల్ పాడైందనే లెక్క. తేమకు మండిన గ్యాసుల అవశేషాలు తోడై ఆమ్లాలు తయారవుతాయి. వాటిని విరిచేందుకు ఆయిల్‌లో కలిపే రసాయనాలు ఖర్చయిపోయాక లోహం తుప్పు పట్టడం మొదలవుతుంది.

వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున్నే అయినా సరే, బండిని అరగంట ఆపకుండా నడపండి. ఊళ్లో సిగ్నళ్ల మధ్య కాకుండా గుంటూరు రోడ్డు మీదో చిలకలూరిపేట వైపో టాప్ గేరులో 45–55 వేగంతో వెళ్లి రండి. అప్పటికి ఆయిల్ పూర్తిగా వేడెక్కి తేమ ఆవిరవుతుంది. ఇంటికొచ్చి మూత తీసి చూడండి, ఆ తెలుపు చాలావరకు కరిగిపోయి ఉంటుంది. రెండు మూడు వారాలు ఇలా నడిపాక కూడా ఆయిల్ మొత్తం బూడిద రంగులోనే ఉంటే అప్పుడు వేరే కారణం వెతకాలి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున ఒక చిన్న గొట్టం వేలాడుతుంది. చాలా బళ్లకు అది పారదర్శకంగా ఉండి, చివర రబ్బరు బిరడా ఉంటుంది. దాన్ని నెలకోసారి చూడండి. బ్రీతర్ నుంచి వచ్చిన తేమ, ఆయిల్ కలిసి గోధుమరంగు ద్రవంగా అందులో చేరుతుంది. క్లిప్పు జరిపి, బిరడా లాగి, దాన్ని వంచేసి మళ్లీ పెట్టేయడం రెండు నిమిషాల పని. అది నిండిపోతే ఫిల్టర్ తడుస్తుంది, బండి పికప్ పోతుంది. మన దగ్గర సర్వీసింగ్‌లో అందరూ మరిచిపోయేది ఈ గొట్టాన్నే.

డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత కంటే ఎక్కువగా ఉంది. నేను పోయలేదు. ఊళ్లోనే తిప్పుతాను. సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్లి వస్తే మూడు వందల కిలోమీటర్లకే బాగా తగ్గిపోయింది. బండి ఆయిల్ తాగుతోందా?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

ఆయిల్ తాగడం లేదు. పెరిగింది ఆయిలూ కాదు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు మండాలంటే దాని మోతాదు పెంచాలి. కార్బురేటర్ బండిలో ఆ పని చోక్ చేస్తుంది, బీఎస్6 ఇంజెక్షన్ బండిలో కంప్యూటరే చేస్తుంది. ఆ ఎక్కువ పెట్రోలులో కొంత మండకుండానే సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. పైగా దారిలో గోడమీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగులు అరగడానికి అదొక కారణం. మీరు ఊరికి వెళ్లినప్పుడు ఆయిల్ గంటల తరబడి వేడిగా ఉండటంతో అందులోని పెట్రోలూ నీరూ ఆవిరైపోయాయి. అసలున్న ఆయిల్ ఎంతో అప్పుడు బయటపడింది. వెంటనే పై గీత దాకా నింపి, ఆ తర్వాత మొత్తం ఆయిల్ మార్పించండి.

నిర్ధారించుకోవాలంటే డిప్ స్టిక్ వాసన చూడండి, పెట్రోలు కలిస్తే తెలిసిపోతుంది. చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్దితే జిగురు లేకుండా నీళ్లలా జారుతుంది.

కొలిచే పద్ధతి కూడా సరిచూసుకోండి. సమతలం మీద సెంటర్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగాలి. డిప్ స్టిక్ తుడిచి లోపల పెట్టాలి. చాలా బళ్లలో మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీస్తేనే సరైన కొలత. ఇంజన్ పక్కన గాజు కిటికీ ఉన్న బండైతే నిటారుగా పట్టుకుని చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే ఏ కొలతా నిజం కాదు.

ఒక హెచ్చరిక. మీది పాత కార్బురేటర్ బండి అయ్యుండి, రాత్రికి రాత్రే ఆయిల్ బాగా పెరిగి, గుప్పున పెట్రోలు వాసన వస్తుంటే అది చిన్న ప్రయాణాల వల్ల కాదు. ఫ్లోట్ దగ్గరి సూది సరిగ్గా మూసుకోక పెట్రోలు నేరుగా ఇంజన్‌లోకి కారుతోంది. పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

చింతపల్లిలో ఉంటాం. శీతాకాలం పొద్దున్నే బండి స్టార్ట్ చేసి ఐదు పది నిమిషాలు అలా వదిలేస్తే మంచిదని మావాళ్లు అంటారు. నిజమేనా? బండి పాతది, చోక్ ఉంది.
– అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి

అంతసేపు వద్దు. ఐడిల్‌లో ఇంజన్ చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆ సేపంతా పెట్రోలు ఎక్కువ మోతాదులోనే పోతుంది. పై జవాబులో చెప్పిన నష్టాలన్నీ అలా నిలబెట్టినప్పుడే ఎక్కువ.

మీ లంబసింగి, చింతపల్లి చలికి చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేయండి. ఇంజన్ నిలదొక్కుకున్నాక అరనిమిషంలో చోక్ సగానికి, నిమిషంలో పూర్తిగా తీసేయండి. హెల్మెట్ పెట్టుకునేంత సేపు చాలు, బయల్దేరవచ్చు. మొదటి రెండు కిలోమీటర్లు సగం కంటే ఎక్కువ యాక్సిలరేటర్ ఇవ్వకండి, టాప్ గేరులో ముక్కించకండి. ఘాట్ ఎక్కాల్సి వస్తే కాస్త చదును రోడ్డు మీద వేడెక్కాక ఎక్కించండి. అల్యూమినియం పిస్టన్ వేడెక్కి వ్యాకోచించే దాకా సిలిండర్‌లో కాస్త వదులుగా ఉండి టకటక కొడుతుంది. ఆ శబ్దం రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతే కంగారు పడనక్కర్లేదు.

స్టార్ట్ కాగానే రేజ్ చేయడం మాత్రం చాలా చెడ్డ అలవాటు. రాత్రంతా కిందకు దిగిపోయిన ఆయిల్ హెడ్‌లోని క్యామ్ దాకా ఎక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లలోనే మీరు ఆరు వేల ఆర్‌పీఎం తిప్పేస్తున్నారు.

ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోండి. తాళం తిప్పగానే సెల్ఫ్ కొట్టకండి. పెట్రోలు పంపు సన్నగా జుయ్ అని ఆగే దాకా, మీటర్‌లో ఇంజన్ దీపం ఆరేదాకా రెండు సెకన్లు ఆగండి. 

స్కూటరుకు ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు పోయాయి. ఇంటి నుంచి దుకాణానికి కిలోమీటరున్నర. కంపెనీ లోపమా?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

కాకపోవచ్చు అమ్మా. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే ద్విచక్ర వాహనాలకు ఇంజన్ నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. దానికి పెట్రోలు పంపు, ఇంజెక్షన్, బ్రేక్ లైటు, ఇండికేటర్లు తోడవుతాయి. తక్కువ వేగంలో, ఐడిల్‌లో మీ బండి తయారుచేసే కరెంటు వీటికే సరిపోతుంది, బ్యాటరీకి మిగిలేది బహు తక్కువ. సెల్ఫ్ మోటారు తిరిగిన ప్రతిసారీ పదుల ఆంపియర్లు లాగుతుంది. ఒకసారికి పెద్ద నష్టం లేదు. రోజుకు ఆరేడుసార్లు కొట్టి, మధ్యలో నాలుగు నిమిషాలే నడిపితే బ్యాటరీ ఎప్పుడూ సగం నిండే ఉంటుంది. అలా నెలల తరబడి సగంలో ఉన్న బ్యాటరీలో పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, ఆపైన ఛార్జ్ పట్టదు.

ఒక మల్టీమీటర్ కొనండి, మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ మీద 12.6 వోల్టులు, ఆపైన చూపిస్తే బాగున్నట్టు. 12.4 అయితే ఛార్జ్ చేయాలి. 12.2 కంటే తరచూ పడిపోతుంటే దాని ఆయుష్షు దగ్గరపడింది. ఇంజన్ నడిపి కాస్త వేగం పెంచినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. అంత రాకపోతే లోపం చాలావరకు బ్యాటరీది కాదు, కరెంటు తయారుచేసే కాయిల్‌దో దాన్ని అదుపుచేసే రెగ్యులేటర్‌దో. మూడో బ్యాటరీ కొనేముందు ఈ ఒక్క పరీక్ష తప్పక చేయించండి.

నెలకోసారి రాత్రి చిన్న ఛార్జర్ పెట్టండి. 4 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.4 ఆంపియర్ చాలు, అంటే దాని సామర్థ్యంలో పదోవంతు. కార్ల షాపులోని పెద్ద ఛార్జర్‌తో గంటలో నింపితే లోపల ఉబ్బుతుంది. బండికి కిక్ ఉంటే పొద్దున మొదటి స్టార్టు కిక్‌తో కొట్టండి. బయట కొన్న అలారం, ట్రాకర్, ఫోను ఛార్జరు ఏదైనా తగిలించి ఉంటే ఒక వారం తీసి చూడండి, బండి ఆగి ఉన్నప్పుడు కూడా అవి కరెంటు లాగుతాయి.

సైలెన్సర్ చివర నీళ్లు కారుతున్నాయి.
– విశాఖపట్నం

పొద్దున మొదటి పది నిమిషాల్లో కారితే సహజం, మండిన పెట్రోలు నుంచి వచ్చిన ఆవిరే. కానీ ప్రతిరోజూ ఆ నీరు ఆరకుండానే ఇంజన్ ఆపేస్తే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. మీ దగ్గర సముద్రపు గాలికి బయటి నుంచి కూడా పడుతుంది. సైలెన్సర్ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది, మట్టితో మూసుకుపోతే సన్నటి తీగతో తెరవండి. అది లీకని వెల్డింగ్ చేయించేవాళ్లున్నారు, అలా చేయించకండి.

200 సీసీ, లిక్విడ్ కూల్డ్ బండి. బెంగళూరులో ఆఫీసు మూడు కిలోమీటర్లు. ఆయిల్ కిటికీలో తెల్లటి పొర కనిపిస్తోంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందంటారా?
– మార్తహళ్లి నుంచి ఒక తెలుగు పాఠకుడు

మీ విషయంలో ఆ అనుమానం న్యాయమే, ఎందుకంటే మీ ఇంజన్‌లో కూలెంట్ ఉంది. తేడా తెలుసుకోవడానికి ముందు కూలెంట్ రిజర్వ్ డబ్బా మీద మట్టం దగ్గర గుర్తు పెట్టండి. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే చూడాలి, వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి. రెండు వారాల్లో మట్టం తగ్గకపోతే, నంది కొండల దాకా వెళ్లొచ్చాక కిటికీ శుభ్రపడితే, అది చిన్న ప్రయాణాల తేమే. మట్టం తగ్గుతూ ఉండి, ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకపోయినా, పొర మాత్రమే కాక ఆయిలంతా కాఫీ రంగుకు మారినా, నడపకుండా సర్వీస్ సెంటర్‌కు ఎక్కించి పంపండి. గ్యాస్కెట్ కావచ్చు, వాటర్ పంపు సీలు కావచ్చు. సీలు పోయిన బళ్లలో పంపు అడుగున చిన్న రంధ్రం నుంచి కూడా చుక్కలు పడతాయి.

ఇదే సందర్భంలో వరదల సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బళ్లు మునిగాయి. అలా మునిగిన బండిలో తెల్లబడిన ఆయిల్‌కు ఈ జవాబులేవీ వర్తించవు. సెల్ఫ్ గానీ కిక్ గానీ కొట్టకుండా ముందు ఆయిల్, పెట్రోలు వంచేసి, ప్లగ్ విప్పి సిలిండర్‌లో నీళ్లు తీయించాలి.

కంపెనీ వాళ్లు లీటరుకు 65 కిలోమీటర్ల మైలేజీ అన్నారు. మాకు 45 దాటడం లేదు. ప్లగ్ విప్పితే నల్లగా మసి. ప్లగ్ మార్చినా నెలకే మళ్లీ అంతే.
– వరంగల్

ప్లగ్ మొన దాదాపు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి దానంతటదే కాలిపోతుంది. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో, మూడో గేరు దాటకుండా, అంత వేడి నిలకడగా రాదు. మైలేజీ తక్కువకు కూడా ఇదే మూలం. చల్లటి ఇంజన్‌కు ఎక్కువ పెట్రోలు కావాలి, మీ బండి ఎప్పుడూ చల్లగానే ఉంటోంది. టైర్లలో గాలి, చైను బిగువు, బ్రేకు పట్టి ఉందేమో చూడండి. ఎయిర్ ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో చూడండి. అవన్నీ బాగుంటే వారానికోసారి అరగంట ప్రయాణం మొదలుపెట్టండి. ఆ తర్వాత ప్లగ్ మొన లేత గోధుమరంగుకు వస్తే ఇంజన్ మీద ఇంకేమీ ఖర్చు పెట్టనక్కర్లేదు. ‘వేడి ప్లగ్’ వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎండాకాలం హైవే మీద అదే పిస్టన్‌కు ముప్పు తెస్తుంది. పొల్యూషన్ పరీక్షకు వెళ్లేటప్పుడు కూడా పావుగంట తిప్పి వెళ్లండి. చల్లటి ఇంజన్‌లో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ పని మొదలుపెట్టదు, అంకెలు చెడ్డగా వస్తాయి.

చిన్న ప్రయాణాలకు ఏ ఆయిల్ మంచిది? ఖరీదైన సింథటిక్ పోస్తే ఏడాదంతా ఉంచవచ్చా?
– కూకట్‌పల్లి, హైదరాబాద్

మాన్యువల్‌లో రాసిన గ్రేడే (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే అంకె) పోయండి. ఇప్పటి వంద, నూటపాతిక సీసీ బళ్లలో చాలావాటికి అది 10డబ్ల్యూ-30. పాత అలవాటుతో 20డబ్ల్యూ-40 పోస్తే చల్లటి ఇంజన్‌లో అది పైకి ఎక్కడం ఇంకా ఆలస్యం. డబ్బా మీద జపాన్ ప్రమాణమైన జాసో గుర్తు చూడండి, గేర్ల బండికి జాసో ఎంఏ లేదా ఎంఏ2, స్కూటరుకు జాసో ఎంబీ అని ఉండాలి. ఎంబీ ఆయిల్ గానీ కార్ల ఆయిల్ గానీ గేర్ల బండిలో పోస్తే క్లచ్ ప్లేట్లు జారే ప్రమాదం ఉంది.

సింథటిక్ చల్లగా ఉన్నప్పుడు తేలిగ్గా పారుతుంది, ఆ మేరకు లాభమే. కానీ అందులో కూడా నీళ్లూ పెట్రోలూ కలుస్తాయి, కాబట్టి ఏడాది ఉంచకండి. ఖరీదైన ఆయిల్ ఏడాదికోసారి పోయడం కంటే మామూలు మంచి ఆయిల్ ఆరు నెలలకోసారి మార్చడం మీ ఇంజన్‌కు మేలు. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం వంపేయనివ్వకండి. చాలా చిన్న బళ్లకు మార్పు సమయంలో లీటరు పట్టదు. ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి, బ్రీతర్ గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎగదన్నుతుంది. 800, 900 మిల్లీలీటర్ల డబ్బాలు కూడా దొరుకుతాయి. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి, చివరి వంద మిల్లీలీటర్లు డిప్ స్టిక్ చూసుకుంటూ పోయించండి. వంచిన పాత ఆయిల్‌ను కాలువలో పారబోయనివ్వకుండా, షెడ్డులో పాత ఆయిల్ పోగుచేసే డ్రమ్ములో పోయించండి.